కారు 5,000 పౌండ్లు లాగుతుందన్నారు, మరి ఆరుగురం కూర్చుంటే?

టెక్సస్‌లో డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పేరు రాయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన విషయాలు మాత్రం ఇక్కడ చెబుతాను.

ఇంట్లో ఆమె, భర్త, ఇద్దరు పిల్లలు. జూన్‌లో విజయవాడ దగ్గరి పల్లె నుంచి అత్తమామలు వస్తున్నారు. మామగారికి డెబ్బై దాటాయి. ఆయన జీవితమంతా వ్యవసాయం చేశారు, మంచు కొండలు ఎప్పుడూ చూడలేదు. ఆయనను కొలరాడో తీసుకెళ్ళాలని, దారిలో హోటళ్ళు, బయటి తిండి లేకుండా ఇంటి వంటతోనే వెళ్ళిరావాలని కొడుకు ఆశ. అందుకోసం మంచాలు, వంటగది, బాత్రూమ్ ఉన్న క్యాంపర్ ట్రైలర్‌ను ఎంచుకుని డీలరుకు 1,000 డాలర్లు అడ్వాన్సు కట్టారు. మిగతాది నెలాఖరులోగా కట్టాలి. ఉన్న కారు మూడు వరుసల ఎస్‌యూవీ, బ్రోషర్‌లో టోయింగ్ కెపాసిటీ, అంటే వెనక తగిలించి లాగగల బరువు, 5,000 పౌండ్లు అని ఉంది. ట్రైలర్ ఖాళీ బరువు 3,900. ఇంకా 1,100 పౌండ్లు మిగులుతున్నాయి కదా అన్నది భర్త లెక్క. కారుకు ఇంకా హిచ్, అంటే ట్రైలర్‌ను తగిలించడానికి కారు వెనక బిగించే ఇనుప చట్రం, లేదు. ఆయన స్నేహితుడొకరు క్లాస్ 3 హిచ్ వేయిస్తే 8,000 పౌండ్లు లాగుతుందని, ముందు భాగం బరువెక్కితే సామాన్లన్నీ ట్రైలర్ వెనక్కి సర్దితే సరిపోతుందని, పెద్దవాళ్ళకు కారులో ఇరుకైతే ట్రైలర్‌లోనే పడుకుని రావచ్చని చెప్పారట.

ఆమె మాత్రం డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు చదివి, ఇంటిల్లిపాదినీ తూకం యంత్రం మీద నిలబెట్టి లెక్క వేశారు. కుదరలేదు. ఆ మాట చెబితే భర్త ‘ప్రతిదానికీ భయపడతావు’ అన్నారట. ‘మావారు మొండివారు కాదండీ, వాళ్ళ నాన్నగారికి ఏదైనా చేయాలన్న తపన. నేను అడ్డుపడితే అత్తమామలను తీసుకెళ్ళడం నాకే ఇష్టం లేదనుకుంటారేమో. నేను అనవసరంగా కంగారు పడుతున్నానా?’ అని అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ కంగారు అనవసరమైనది కాదు. మీ లెక్క సరైనది. దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళితే మీ కారుకు, ఆ ట్రైలర్‌కు, మీ ఆరుగురికి పొత్తు కుదరదని స్పష్టంగా తేలుతుంది. అయితే కొలరాడో ప్రయాణం మానుకోవలసిన అవసరం కూడా లేదు. ఈ రెండు విషయాలనూ విడదీసి చూస్తే మీ ఇంట్లో సగం చిక్కు వీడుతుంది.

ముందు ఆ 5,000 సంగతి. అమెరికాలో చాలా కంపెనీలు జె2807 అనే ప్రమాణం ప్రకారం టోయింగ్ కెపాసిటీ నిర్ణయిస్తాయి. పరీక్ష తేలికైనదేమీ కాదు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ నుంచి మొదలయ్యే 11.4 మైళ్ళ ఎగువ దారిలో, మండుటెండలో, ఏసీ పూర్తిగా వేసుకుని, వేగం గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ట్రైలర్‌ను లాగగలగాలి. కానీ ఆ లెక్కలో కారులో ఉండేది ఇద్దరే: డ్రైవరు, పక్కన ఒకరు, ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున. వెనక పిల్లలు లేరు, మూడో వరుసలో అత్తగారు లేరు, బియ్యం సంచి లేదు. అంటే బ్రోషర్ అబద్ధం చెప్పలేదు, మీ కుటుంబం గురించి చెప్పలేదు, అంతే.

మీ కుటుంబం గురించి చెప్పేది మీరు చదివిన స్టిక్కరే. కారులో కూర్చునే మనుషులు, సామాను కలిపి 1,310 పౌండ్లు మించకూడదని దాని మీద ఉందని రాశారు. దీన్నే పేలోడ్ అంటారు. నిండా పెట్రోలు పోసిన కారు బరువును కంపెనీ ముందే లెక్కలోంచి తీసేసింది కానీ డ్రైవరు బరువును తీసేయలేదు. ట్రైలర్ ముక్కు హిచ్ మీద మోపే బరువు, అంటే టంగ్ వెయిట్, కూడా ఈ 1,310లోకే వస్తుందని చాలామందికి తెలియదు. ట్రైలర్ చక్రాల మీదే నడుస్తున్నా దాని బరువులో కొంత భాగాన్ని మీ కారు వెనక ఇరుసు మోస్తూనే ఉంటుంది. ఇలాంటి ట్రైలర్‌కు ఆ భాగం మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి.

మీరు పంపిన అంకెలతోనే చూద్దాం. 3,900 అనేది డీలరు స్థలంలో ఖాళీగా నిలబడ్డ ట్రైలర్ బరువు. ట్యాంకులో 40 గ్యాలన్ల నీళ్ళు నింపితే 333 పౌండ్లు పెరుగుతుంది. రెండు సిలిండర్లలో గ్యాస్ 40, బ్యాటరీ 60 వేసుకోండి. దుప్పట్లు, కుర్చీలు, గిన్నెలు, పప్పు, పచ్చళ్ళు, పిల్లల సైకిళ్ళు కలిపి 350 అన్నది తక్కువ అంచనాయే. మొత్తం 4,700 దగ్గరికి చేరింది. మీ వారు అనుకున్న 1,100 పౌండ్ల మిగులు 300కు దిగిపోయింది.

ఇక కారు వైపు. మీ ఆరుగురి బరువు 775 అని రాశారు. కారులో పెట్టే సంచులు, కూలర్ 200. హిచ్, దానితో వచ్చే బరువు సర్దే కడ్డీలు సుమారు 130. ఇంతవరకు 1,105. ట్రైలర్ 4,700లో 12 శాతం అంటే 564 పౌండ్లు హిచ్ మీద పడుతుంది. మొత్తం 1,669. ఉండవలసినదానికంటే 359 పౌండ్లు, మన లెక్కలో దాదాపు 160 కిలోలు ఎక్కువ. అదీగాక 5,000 లాగే ఇలాంటి కార్లకు టంగ్ వెయిట్ పరిమితి మామూలుగా 500 ఉంటుంది. 564 అక్కడా ఆగదు. అత్తమామలను ఇంట్లో వదిలి మీ నలుగురే వెళ్ళినా ఇంకా 64 పౌండ్లు ఎక్కువే. కాబట్టి అత్తమామల వల్ల ఇబ్బంది వచ్చిందన్న మాట మీ ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి. ఈ ట్రైలర్ ఈ కారుకు మొదటి నుంచీ సరిపోదు.

హిచ్ గురించి ఆ స్నేహితుడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. క్లాస్ 1 హిచ్ 2,000 పౌండ్ల వరకు, క్లాస్ 2 హిచ్ 3,500 వరకు లాగడానికి. ఈ రెండింటికీ బాల్ మౌంట్ (ట్రైలర్ కూర్చునే ఇనుప గుండును, అంటే బాల్‌ను, మోసే కడ్డీ) దూర్చే గొట్టం రంధ్రం అంగుళంపావు ఉంటుంది. క్లాస్ 3కి రెండంగుళాల రంధ్రం, దాని మీద 8,000 అని రాసి ఉండటం నిజమే. కానీ ఆ అంకె ఆ ఇనుముది, మీ కారుది కాదు. కారు, హిచ్, బాల్ మౌంట్, బాల్, దాని మీద కూర్చునే ట్రైలర్ ముక్కు కొస (కప్లర్) అన్నింటిలో ఏది తక్కువ మోస్తుందో అదే మీ పరిమితి. క్లాస్ 5 హిచ్ బిగించినా మీ కారు బ్రేకులు, గేర్‌బాక్స్, వెనక స్ప్రింగులు అవే ఉంటాయి. ఇంకొకటి కనుక్కోండి: మీ కారుకు ఫ్యాక్టరీ టోయింగ్ ప్యాకేజీ ఉందా? గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కకుండా చూసే కూలర్ లాంటివి అందులోనే వస్తాయి. కొన్ని కార్లకు ఆ ప్యాకేజీ లేకపోతే 5,000 అన్నది 3,500కో, అంతకంటే తక్కువకో పడిపోతుంది. కారు మాన్యువల్‌లో టోయింగ్ అధ్యాయం చదివితే తెలుస్తుంది. గాలికి ఎదురొడ్డే ముఖభాగం ఎన్ని చదరపు అడుగులు మించకూడదో, బరువు సర్దే కడ్డీలు వాడవచ్చో లేదో కూడా కొన్ని కంపెనీలు అక్కడే రాస్తాయి. ఆ కడ్డీలు వెనక ఇరుసు మీద పడే బరువును ముందు చక్రాలకు, ట్రైలర్ చక్రాలకు పంచుతాయి, స్టీరింగ్ తేలిపోకుండా చూస్తాయి. కారు పరిమితిని మాత్రం ఒక్క పౌండు కూడా పెంచవు.

ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టిన మాట ‘సామాన్లు వెనక్కి సర్దితే సరిపోతుంది’ అన్నది. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. దీన్ని మీ వారికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే నాకు మీ మామగారే గుర్తొచ్చారు. రెండు చక్రాల ఎడ్లబండి తోలినవారికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. బస్తాలు ముందుకు ఎక్కువ వేస్తే ఎడ్ల మెడలు కుంగిపోతాయి, వెనక్కి ఎక్కువ వేస్తే కాడి మెడల మీద నుంచి పైకి లేస్తుంది. ట్రైలర్ కూడా అంతే. వెనక బరువు పెరిగి ముక్కు తేలికైతే గంటకు 60 మైళ్ళ వేగంలో ఒక గాలి కెరటమో, పక్క నుంచి దూసుకెళ్ళే ట్రక్కో తగిలిన క్షణంలో వెనక భాగం అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఒక్కో ఊపుకూ అది పెద్దదై చివరికి కారును కూడా తనతో తిప్పేస్తుంది. ఇంత ప్రమాదం ఉంది కాబట్టే 10 శాతానికి తగ్గకూడదంటారు. టంగ్ వెయిట్ ఎక్కువైతే ట్రైలర్‌ను మార్చుకోవాలి తప్ప బరువును వెనక దాచకూడదు.

మీ మామగారికి ఫోనులో ఈ లెక్కంతా చెప్పండి. ఆయన మీ వైపు మాట్లాడాలని కాదు. ఆయన కోసమే జరుగుతున్న ఏర్పాటులో ఆయన అనుభవానికీ చోటు ఉండాలి. భార్య చెబితే భయంగా వినిపించిన విషయం తండ్రి నోట బండి లెక్కగా వినిపించే అవకాశం ఉంది. అయితే అక్కడ ఒక జాగ్రత్త కావాలి. ‘మీ నాన్నగారు కూడా ఇదే అన్నారు’ అంటూ భర్తను ఓడించడానికి దాన్ని వాడకండి. ముగ్గురూ ఒకే కాల్‌లో మాట్లాడుకోండి.

పెద్దవాళ్ళు ట్రైలర్‌లో పడుకుని రావడం గురించి చర్చే అక్కరలేదు. నడుస్తున్న ట్రైలర్‌లో సీటు బెల్టులు ఉండవు, చాలా రాష్ట్రాల్లో అలా మనుషులను ఎక్కించుకోవడం చట్టవిరుద్ధం. చట్టం మాట అలా ఉంచినా, అరుదుగా వేసే ఒక్క గట్టి బ్రేకుకు లోపల ఉన్న మనిషి ఏమవుతారో ఆలోచించండి.

మీరు వెళ్ళాలనుకుంటున్న దారి కూడా ఈ లెక్కలో భాగమే. డాలస్ నుంచి అమరిల్లో మీదుగా వెళితే మైదానాల్లో అడ్డగాలులు జోరుగా ఉంటాయి. న్యూ మెక్సికో, కొలరాడో సరిహద్దులో రాటన్ పాస్ అనే కనుమ 7,834 అడుగుల ఎత్తున ఉంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది, అంటే అక్కడికి చేరేసరికి దాదాపు పావు వంతు పోయినట్టే. ఎక్కేటప్పుడు ఇంజన్ ఉక్కిరిబిక్కిరి కావడం ఒక ఇబ్బంది, దిగేటప్పుడు బ్రేకులు కాలిపోవడం అంతకంటే పెద్ద ప్రమాదం. డెబ్బై దాటినవారిని ఆ ఎత్తుకు తీసుకెళ్ళే ముందు ఒకసారి డాక్టరుకు చూపించడం కూడా మరచిపోకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. చిన్న ట్రైలర్ తీసుకోవడం ఒకటి. నిండా సామానుతో 3,000 పౌండ్లు తూగే ట్రైలర్ అయితే, కాస్త ఎక్కువగా 13 శాతం వేసుకున్నా హిచ్ మీద 390 పడుతుంది. కడ్డీలు లేని మామూలు హిచ్, బాల్ మౌంట్ బరువు 65 వేసుకుని, అదే సామానుతో మీ నలుగురు వెళితే 1,135 అవుతుంది, హాయిగా వెళ్ళవచ్చు. ఆరుగురైతే అదే 1,430, పనికిరాదు. అప్పుడు అత్తమామలను ఎక్కించుకుని మీరు ఇంకో కారులో వెనకే రావాలి. దాదాపు 800 మైళ్ళు ఇద్దరూ డ్రైవ్ చేయాలి, మధ్యలో ఒక రాత్రి ఆగక తప్పదు. ఆరుగురూ ఒకే కారులో వెళ్ళాలంటే పైకప్పు తెరిచి గుడారంలా విప్పుకునే పాప్‌అప్ క్యాంపర్లు ఉన్నాయి. మొత్తం 2,000 పౌండ్లలో ఉండేది దొరికితే మీ లెక్క 1,280కి వస్తుంది. అంచు మీద నిలబడ్డట్టే, అయినా పరిమితిలోనే ఉంది. కానీ వాటిలో మంచాలు ఎత్తుగా ఉంటాయి, చాలావాటిలో సరైన బాత్రూమ్ ఉండదు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులని మీరే రాశారు. అర్ధరాత్రి చలిలో టార్చి పట్టుకుని క్యాంపు బాత్రూమ్‌కు నడిచే ఓపిక ఆవిడకు ఉందో లేదో ఆవిడనే అడగండి.

కారు మార్చడం రెండో దారి. ట్రక్కు చట్రం మీద కట్టిన పెద్ద ఎస్‌యూవీలు ఈ ట్రైలర్‌ను సులువుగా లాగుతాయి. కొత్తది కొనాలంటే అరవై వేల డాలర్లు తేలిగ్గా దాటుతుంది. అక్కడా ఒక మోసం పొంచి ఉంటుంది: లాగే శక్తి 8,000 ఉన్నా పేలోడ్ 1,600 దగ్గరే ఆగిపోయేవి ఉన్నాయి. మీ లెక్కకు కనీసం 1,700 కావాలి. ఒకే మోడల్‌లోనే సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, ఖరీదైన సీట్లు పెరిగే కొద్దీ పేలోడ్ తగ్గుతుంది. కాబట్టి బ్రోషర్ పక్కన పెట్టి, మీరు కొనబోయే ఆ ఒక్క బండి తలుపు తెరిచి స్టిక్కరు చదవండి. పదేళ్ళపాటు ఏటా నాలుగైదు సార్లు వెళతామని అనుకుంటే ఈ ఖర్చుకు అర్థం ఉంటుంది. ఒక్క వేసవి కోసమైతే అప్పు తప్ప మిగిలేదేమీ ఉండదు.

నా మనసు మొగ్గేది మూడో దారి వైపు: ఈసారికి అద్దెకు తీసుకోండి. ఆరు సీట్లకూ బెల్టులున్న మోటర్‌హోమ్, అంటే మంచాలు, వంటగది లోపలే ఉండే పెద్ద బండి, దొరుకుతుంది. దానికి హిచ్‌తో పనే లేదు, ఇంటి వంట కోరికా తీరుతుంది. లేదా మీరు కారులో వెళ్ళి, అక్కడి క్యాంపు స్థలంలో ట్రైలర్ తెచ్చి నిలబెట్టి ఇచ్చేవారి దగ్గర తీసుకోవచ్చు. వంటగది ఉన్న క్యాబిన్లూ ఉంటాయి. రోజు అద్దె ఎక్కువగానే అనిపిస్తుంది. కానీ ట్రైలర్ జీవితం మీ కుటుంబానికి నచ్చుతుందో లేదో ఇరవై వేల డాలర్లు పెట్టకముందే తెలిసిపోతుంది. ఇందులో నష్టం ఒక్కటే, సొంత ట్రైలర్‌తో తండ్రిని తిప్పాలన్న మీ వారి ముచ్చట వాయిదా పడుతుంది. ఆ ముచ్చట చిన్నదని నేను అనను.

అడ్వాన్సు సంగతి వెంటనే చూడండి. సంతకం పెట్టిన కాగితంలో తిరిగి ఇస్తారో లేదో ఉంటుంది. మూడు రోజుల్లో మనసు మార్చుకునే హక్కు ఉందని చాలామంది అనుకుంటారు, డీలరు దుకాణంలో జరిగిన కొనుగోలుకు ఆ హక్కు వర్తించదు. అయినా ‘మా కారుకు ఇది బరువు ఎక్కువ, ఇదే అడ్వాన్సు మీద తేలికైనది చూపించండి’ అంటే చాలామంది డీలర్లు వింటారు. వినకపోతే ఆ వెయ్యి పోతుంది. పోయినా సరే, ఆ వెయ్యిని కాపాడటం కోసం మిగతా సొమ్ము కట్టకండి.

మీ వారితో వాదించవద్దు, ఒక పని కలిసి చేయండి. హైవే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే తూకం ఉంటుంది, కార్లను కూడా తూస్తారు, ఖర్చు తక్కువే. ఒక ఆదివారం కారు నిండా పెట్రోలు పోసి, నలుగురూ ఎక్కి, అత్తమామల బరువుకు సరిపడా నీళ్ళ డబ్బాలు, కూలర్ పెట్టుకుని దాని మీద ఎక్కించండి. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా కాగితం ఇస్తారు. తలుపు దగ్గరి ఇంకో స్టిక్కరులో జీవీడబ్ల్యూఆర్ అని కారు మొత్తం బరువు పరిమితి ఉంటుంది. అందులోంచి ఈ తూకం తీసేస్తే మిగిలేదే హిచ్‌కు, ట్రైలర్ ముక్కుకు దక్కే చోటు. ఆ కాగితాన్ని మీ వారి చేతికే ఇచ్చి లెక్క ఆయననే వేయనివ్వండి.

చివరికి చిన్న ట్రైలరే కొన్నారనుకోండి. దాని కప్లర్ మీద బాల్ సైజు అచ్చు వేసి ఉంటుంది, అచ్చం అదే సైజు బాల్ కొనండి. అంగుళంలో ఎనిమిదో వంతు చిన్నదైనా గుంతలో పడ్డప్పుడు కప్లర్ ఊడి రావచ్చు. ట్రైలర్ నేలకు సమాంతరంగా నిలిచేలా బాల్ మౌంట్ ఎత్తు ఎంచుకోండి, ముక్కు పైకి లేచి ఉండకూడదు. భద్రతా గొలుసులు కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా వేయాలి, కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకు తగలకుండా అవి పట్టుకుంటాయి. టెక్సస్‌లో ట్రైలర్ 4,500 పౌండ్లు దాటితేనే బ్రేకులు తప్పనిసరి, కొలరాడోలో 3,000కే. మీరు వెళ్ళేది కొండలకు కాబట్టి బరువు ఎంతైనా బ్రేకులున్న ట్రైలరే తీసుకోండి. దానికి నాలుగు పిన్నుల వైరింగ్ చాలదు, అది లైట్లకే. ఏడు పిన్నుల సాకెట్, డ్రైవరు చేతికి అందేలా ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ బిగించాలి.

స్టీరింగ్ పట్టుకునేవారు ఎవరైనా సరే, బయలుదేరే ముందు ఈ ఒక్కటి నేర్చుకోవాలి. ట్రైలర్ ఊగడం మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, ఊపు నుంచి తప్పించుకోవాలని వేగం పెంచకూడదు, స్టీరింగ్‌ను అటూ ఇటూ తిప్పకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను నిలకడగా పట్టుకుని, కంట్రోలర్ మీద ఉండే మీటతో ట్రైలర్ బ్రేకులను మాత్రమే మెల్లగా వేయాలి. ఖాళీ పార్కింగ్ స్థలంలో మీరిద్దరూ ఆ మీటను ఒకసారి వాడి చూడండి.